నొప్పామె

మా ఇంటాయన పరుపులు కుట్టే మనిషి. బుక్కరాయసముద్రంలో రోడ్డు పక్కన మాకొక రేకుల షెడ్డు ఉండాది. ముందర అంగడి, ఎనక ఇల్లు. పాత పరుపులు విప్పి, గడ్డలు కట్టిన దూది ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టిచ్చేది మా పని. వాళ్ల నాయన దూది ఏకే విల్లు భుజాన ఏసుకోని ఊరూరా తిరిగి ఏకినాడంట. మా కాలానికి కరెంటు మిషను వచ్చింది. ఆయన మిషను కాడ, నేను సూది కాడ. పొద్దు గూకేటప్పటికి ఇద్దరి తలలూ తెల్లగా అయిపోయేవి. అంగడి మూసినాక నన్ను గడప మీద కూర్చోబెట్టి, నా తలలోని దూది పింజలు ఒక్కొక్కటే ఏరి తీసేవాడు. మాకు పిల్లల్లేరు. మేమిద్దరం, ఎనక గదిలో మా అత్త. అంతే ఇల్లు.

ఆయన పడింది ఆషాఢంలో. మా పక్క ఆషాఢం గాలి ఎట్లుంటాదో చూసినోళ్లకే తెలుస్తాది. మోడాలు వస్తాయి, పోతాయి, వాన పడదు. గాలి మాత్రం నిలవదు. కళ్యాణదుర్గంలో ఒక శెనక్కాయల వ్యాపారి ఇంటికి పరుపులు ఒప్పుకున్నాడు. చుట్టలు చుట్టి, మోపెడ్ ఎనక తాళ్లతో కట్టుకున్నాడు. "గాలి తగ్గినాక పోదువులే" అన్నాను. "ఈ గాలి తగ్గేదాకా కూర్చుంటే శ్రావణం వస్తాది" అని నవ్వి పోయినాడు.

ఎనక ఆటోలో వస్తాండిన వాళ్లు చెప్పినారు. ఎదురుగా లారీ పోయినప్పుడు ఆ గాలికి పరుపులు లేచి బండినే అడ్డం తిప్పేసినాయంట. పరుపులు పోయి తంగేడు పొదల్లో పడినాయి. ఆయన తల పోయి కల్వర్టు గోడకు తగిలింది. ఊరందరికీ మెత్తగా కుట్టిచ్చినోనికి ఎట్లాంటి చోటు దొరికిందో చూడమ్మా అని ఆసుపత్రికి వచ్చిన ప్రతి ఒక్కరూ నాతో అన్నారు. ఆ మాట వాళ్లకే మొదట తోచినట్లు అన్నారు. నేను తల ఊపినాను.

అనంతపురం పెద్దాసుపత్రిలో చూసి బెంగళూరుకు రాసినారు. ఆడ తల కోసి, గడ్డ కట్టిన రక్తం తీసి, ఎముక ముక్క ఒకటి తీసి పక్కన పెట్టినారు. చాన్నాళ్లకు కండ్లు తెరిచినాడు. మా అత్త ఆసుపత్రి వరండాలోనే నేల మీద పడి మొక్కింది. నేను మంచం పక్కకు పోయి ముందర నిలబడినాను. కండ్లు నా మీదనే ఉండాయి. కొంచెం పక్కకు జరిగినాను. కండ్లు జరగలేదు. నేను నిలబడిన చోటునే చూస్తా ఉండాయి.

"కండ్లు తెరవడం వేరే, చూడటం వేరేనమ్మా" అన్నాడు డాక్టరు. "నిద్ర లేస్తాడు, నిద్ర పోతాడు. లోపల మనిషి ఉండాడో లేడో ఇప్పుడే చెప్పలేం. ఇంటికి తీసకపోయి చూసుకోండి."

ముక్కులో పైపుతో, గొంతుకు పెట్టిన రంధ్రంతో ఇంటికి వచ్చినాడు. అంగడి మూసేసి అందులోనే మంచం ఏసినాం. కింద గాలి పరుపు. ఆసుపత్రోళ్లు చెప్పిందే కొన్నాం. పుండ్లు పడకుండా పక్కలు తిప్పేది నేర్చుకున్నాను. పైపులో గంజి పోసేది, గొంతులో కఫం లాగేది నేర్చుకున్నాను.

మా బావ, అంటే ఆయన అన్న, ధర్మవరంలో ఉంటాడు. ఒక ఆదివారం వచ్చి చూసి, టీ తాగినాక నన్ను బయటికి పిలిచినాడు.

"నీకేం వయసు మీరిపోలేదు. పిల్లా జెల్లా లేరు. మీ అమ్మోళ్లింటికి పోయినా నిన్నెవరూ తప్పు పట్టరు. మా తమ్మున్ని మా యమ్మ చూసుకుంటాది."

"మీ యమ్మ ఆయన్ని పక్కకు తిప్పగలదా బావా?" అని అడిగినాను.

"నీ మంచికే చెప్పినా" అని బండెక్కి పోయినాడు. మా బావ నా మంచికే చెప్పినాడేమో, నాకిప్పటికీ తెలీదు. ఆ పొద్దు మాత్రం ఇది నా ఇల్లు గాదని చెప్పినట్లే వినబడింది.

ఆసుపత్రోళ్లు చెప్పిన ఫిజియో మేడమ్ ఆ నెలలోనే వచ్చింది. నాకంటే చిన్నామె. అనంతపురం నుంచి స్కూటీలో వస్తాది. వచ్చిన రోజు ఆయన మంచం పక్కన కూర్చోని మొదట ఆయనతో మాట్లాడింది, తరవాతనే మాతో. "అన్నా, నేను నీ కుడి చెయ్యి పట్టుకుంటాండా" అని చెప్పి, కొంచెం ఆగి, అప్పుడు పట్టుకుంది. మా అత్త నా మొగం చూసింది. వినబడని మనిషితో మాట్లాడేదేంది అని ఆ చూపు.

"వినబడతాదో లేదో మనకు తెలీదు గదమ్మా. తెలిసేదాకా వినబడతాదనే అనుకుందాం" అన్నాది మేడమ్.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. మెదడుకు దెబ్బ తగిలి దారులు తెగినాయి. యాడో ఒక దారి మిగిలి ఉండొచ్చు. అది చర్మమో, చెవో, ముక్కో, నాలుకో తెలీదు. అన్ని దార్లూ ఒకటొకటిగా తట్టి చూడాల. అన్నీ ఒకేసారి కాదు, ఎక్కువసేపు కాదు, మధ్యలో ఊరకే వదిలెయ్యాల. చేసే ముందర పేరు పెట్టి పిలిచి ఏం చేయబోతాండామో చెప్పాల. చేసినాక కాసుకోవాల. రెప్ప కదిలినా, ఊపిరి మారినా కనిపెట్టాల. "నేను మాటియ్యనక్కా. కొందరు లేస్తారు, కొందరు లేవరు. మనం చేసేదానికి ఎంత ఫలితం ఉంటాదో కూడా గట్టిగా చెప్పలేను. చెయ్యకపోతే మాత్రం కీళ్లు బిగుసుకుపోతాయి. అది ఖాయం" అన్నాది.

తరవాత ఒక మాట అడిగింది. "ఇంట్లో ఈయన్ని ఎవరు ఎట్లా ముట్టుకునేవాళ్లు? ఆయనకు అలవాటైన స్పర్శ ఏదన్నా ఉంటే చెప్పండి. దాంతో మొదలుపెడదాం."

మా అత్త వెంటనే చెప్పింది. చిన్నప్పుడు నుదురు నిమిరితే నిద్ర పోయేవాడని. మేడమ్ నా పక్క చూసింది. అత్త ముందర ఏమని చెప్పాల? ఆయన నా తల ముట్టుకునేవాడు, నేను ఆయన్ని నలుగురిలో ముట్టుకున్నది లేదు. "ఏం లేదు మేడమ్" అన్నాను. అట్లా నుదురు మా అత్తకు పోయింది. మిగిలిందంతా నాకు వచ్చింది.

మిగిలింది ఏందంటే పని. గరుకు తువ్వాలతో అరచేతులు, అరికాళ్లు రుద్దేది. తరవాత దూదితో రాసేది. వేడి గుడ్డ, చల్లని గుడ్డ మార్చి మార్చి అద్దేది. ముక్కు కాడ నిమ్మకాయ, కర్పూరం పెట్టేది. పెదాలకు తేనె తగిలించేది. ఆయన చెవికి అలవాటైన చప్పుడు ఏదన్నా వినిపించమన్నాది మేడమ్. మా ఏకుడు మిషను ఆడించినాను. అంతకాలం ఆ చప్పుడులోనే బతికిన మనిషి, కనీసం రెప్ప కొట్టలేదు. వీధిలో కుక్క అరిస్తే ఊపిరి మారింది. మేడమ్ చెప్పినట్లే చూసినాను, కుక్కకే మారింది.

అన్నిటికంటే కష్టం చేతులు సాగదీసేది. కుడి చెయ్యి మోచేతి కాడ మడుచుకుపోయి పిడికిలి ఎదకు అంటుకోని ఉండేది. గోర్లు అరచేతిలో దిగి పుండు పడింది. ఆ పిడికిలి ఒక్కొక్క వేలూ విప్పాల, మోచెయ్యి మెల్లగా చాపి పట్టుకోవాల. రోజూ చెయ్యాల, రోజుకు ఒకటికి నాలుగుసార్లు చెయ్యాల. చాపేటప్పుడు ఆయన మొగం ముడుచుకుపోయేది. గొంతులోని పైపులోంచి ఒక గాలి చప్పుడు వచ్చేది. అది మూలుగని మేడమ్ చెప్పినాక గాని నాకు తెలియలేదు.

"వానికి నొప్పి ఉండాది, ఇడిసిపెట్టు" అనేది మా అత్త.

"నొప్పి తెలిస్తే మంచిదే అత్తా. తెలియకపోతేనే భయమంట."

"ఆ పిల్ల చెప్పినాదని నువ్వు చేస్తాండావు. నీ కడుపున పుట్టింటే ఇట్ల మెలితిప్పుతావా వాన్ని?"

నా కడుపున ఎవరూ పుట్టలేదు. ఆ మాట ఆమె ఎప్పుడు అన్నా అదే చోట తగిలేది. అని ఆమె పోయి ఆయన తల కాడ కూర్చోని నుదురు నిమిరేది. నేను చెయ్యి చాపుతాంటే పైన ఆమె నిమురుతా ఉండేది. ఆయన మొగం ముడుచుకుంటే నా వల్ల, సడలితే ఆమె వల్ల. చూసినోళ్లకు అట్లానే కనబడేది. నాకు కూడా అట్లానే కనబడింది, ఏం దాచేది.

చలికాలం వచ్చినాక మేడమ్ ఆయన్ని అనంతపురంలో తన సెంటరుకు తెమ్మన్నాది. ఆడ ఒక బల్ల ఉంటాది. మనిషిని పడుకోబెట్టి బెల్టులు కట్టి, బల్లను మెల్లగా పైకి లేపి నిలబెడతారు. కాళ్ల మీద బరువు పడితే మెదడు మేలుకుంటాదేమోనని. ఆటోలో ఆయన్ని పట్టుకోని కూర్చోని పోయేదాన్ని. మొదటిసారి బల్ల నిలబెట్టినప్పుడు ఆయన నాకెదురుగా నిలువెత్తున నిలబడినాడు. ఎన్నాళ్లయిందో ఆయన మొగాన్ని తలెత్తి చూసి. ఒక నిమిషం మా ఇంటాయనే అనిపించింది. నోటి నుంచి చొంగ కారి నా చేతి మీద పడింది. తుడిచినాను.

ఆ సెంటరులోనే జరిగింది. బల్ల దించినాక ఎప్పటిలాగే నేను పిడికిలి విప్పుతాండాను. ఆయన పేరు పిలిచినాను, చెయ్యి చాపుతాండానని చెప్పినాను, చాపినాను. ఎప్పుడూ ఊరకే పడి ఉండే ఎడమ చెయ్యి లేచింది. తడబడతా ఎదను దాటుకోని వచ్చి నా మణికట్టును పట్టుకోని తోసింది.

నేను వదిలేసినాను. మేడమ్ పక్క బల్ల కాడ నుంచి పరిగెత్తి వచ్చింది. "ఇంకొకసారి చెయ్యక్కా" అన్నాది. చేసినాను. మళ్లా తోసినాడు. "అన్నా, ఆమె చెయ్యి తోసెయ్" అన్నాది మేడమ్ ఆయన చెవి కాడ. తోసినాడు. ఆమె కండ్లల్లో నీళ్లు వచ్చినాయి. ఫోను తీసి వీడియో పట్టుకుంది. సెంటరులో ఉన్నోళ్లంతా చుట్టూ చేరినారు. నొప్పి యాడుందో కనుక్కోని, దాన్ని కావాలని తీసేస్తాండాడంటే లోపల మనిషి ఉండాడని అర్థమంట. అన్నాళ్లు మేం కాసుకున్నది దానికోసమేనంట. నాకూ సంతోషమైంది. అబద్ధం చెప్పను, గోడకు ఆనుకోని ఏడ్చినాను కూడా.

ఆ వీడియో మా చుట్టాలందరి ఫోన్లకూ పోయింది. దాంట్లో నా మొగం లేదు. ఒక ఆడామె చెయ్యి, దాన్ని తోసేస్తాండే మగ చెయ్యి, అంతే. ఇప్పటికీ మేడమ్ కొత్తగా వచ్చినోళ్లకు ధైర్యం చెప్పేదానికి అదే చూపిస్తాది.

అప్పటినుంచి తొందరగా మారుతా వచ్చినాడు. కండ్లు మనిషి ఎనక తిరిగేవి. ముక్కు పైపూ గొంతు పైపూ తీసేసినారు, గొంతులో రంధ్రం పూడింది. మొదటి మాట నేను మోచెయ్యి చాపేటప్పుడే వచ్చింది. "అమ్మా" అన్నాడు. మా అత్త వంటింట్లో నుంచి పరిగెత్తుకోని వచ్చి, "నన్ను పిలిచినాడు, నా బిడ్డ నన్ను పిలిచినాడు" అని వీధంతా చెప్పింది. నొప్పి పుడితే ఎవరైనా అమ్మా అనే అంటారు. ఆ మాట నేను ఆమెతో అనలేదు. అనింటే మాత్రం ఏమొస్తాది.

మాటలు కొంచెం కూడినాక ఒక పొద్దు మేడమ్ ఆయన్ని పరీక్ష చేసింది. మా బావ కూడా వచ్చి ఉండాడు. ఒక్కొక్కరినీ చూపించి ఎవరని అడిగింది. మా అత్తను చూసి "మా యమ్మ" అన్నాడు. బావను చూసి "అన్న" అన్నాడు. నన్ను చూపించింది. మొగం చూసినాడు, తెలియలేదు. కిందికి చూసినాడు, నా చేతులు. ఆయన కుడి చెయ్యి ఎదకు దగ్గరగా పోయింది.

"నొప్పామె" అన్నాడు.

అందరూ నవ్వినారు. కట్టుకున్న పెండ్లాన్ని పట్టుకోని ఏమంటాండాడో చూడమని మా బావ నవ్వినాడు. మేడమ్ కూడా నవ్వి, చప్పున ఆపుకోని నా పక్క చూసింది. నేనూ నవ్వినాను. ఏం చెయ్యాల మరి, అందరూ నవ్వుతాండారు.

తరవాత మేడమ్ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆయనకు చిన్నతనం గుర్తుండాది, పని గుర్తుండాది, మధ్యలో కొన్నేండ్లు పోయినాయి. మా పెండ్లి ఆ పోయిన ఏండ్లలో ఉండాది. వస్తాయేమో, రాకపోవచ్చు. "ఇంకొకరితో ఎక్సర్‌సైజులు చేయిద్దామక్కా. నువ్వు అన్నం తినిపిస్తా, మాట్లాడతా ఉండు" అన్నాది. అట్లే చేసి చూసినాం. ఒక మగమనిషిని పెట్టినాం. వాని చేతిలో ఆయన బిగుసుకోని కూర్చున్నాడు, వాడు విసుక్కోని మానుకున్నాడు. నేను ముద్ద కలిపి నోటి కాడికి తీసకపోతే ఆయన తల తిప్పేసినాడు. ముద్ద మా అత్త చేతికి ఇచ్చినాను, తిన్నాడు. దాంతో పనులు మొదటికే వచ్చినాయి. తినిపించేది ఆమె, చాపేది నేను. నేను మానేసింటే ఆ చెయ్యి ఎదకు అట్లే కరుచుకోని ఉండేది. మానెయ్యలేదు. తువ్వాల పట్టుకోని నేను గడప దాటగానే "నొప్పామె వచ్చె" అనేవాడు, మా అత్తకు చెప్పినట్లు. ఆమె "వస్తే రానీలే నాయనా, నేనుండా" అనేది.

చేతికర్ర పట్టుకోని నడిచినాక మా వాళ్లు దర్గాలో కందూరు చేసినారు. ఏటలు కోసి, అన్నాలు వండి, చుట్టాలనందరినీ పిలిచినారు. మొక్కుకున్నది మా అత్త, కాబట్టి సమాధి మీద కప్పే పూలచద్దరు ఆమె చేత మోయించినారు. మా బావ, ఇంకొక చుట్టం చెరొక పక్క పట్టుకోని ఆయన్ని మెట్లెక్కించినారు. తల్లి కన్నీళ్లకు కరిగి దేవుడు బిడ్డను తిరిగిచ్చినాడని ఒక పెద్దమనిషి అన్నాడు. నేను వండేవాళ్లలో ఉండాను. పొగకు కండ్లు మండుతాంటే ఎవరో "నువ్వు కూడా శానా కష్టపడినావులేమ్మా" అన్నారు. కూడా అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. చాన్నాళ్లు ఆడనే ఉండింది.

ఇంటికి వచ్చిన మరుసటి వారమో ఏమో, నేను వాకిట్లో బట్టలు ఆరేస్తాండాను. లోపల ఆయన వాళ్లమ్మను అడుగుతాండాడు.

"మా, నాకు పెండ్లి ఎప్పుడు చేస్తావు?"

తడిగుడ్డ చేతిలో పట్టుకోని అట్లే నిలబడినాను. ఇప్పుడు చెప్తాది అనుకున్నాను. ఇప్పుడన్నా చెప్తాది.

"చేస్తాంలే నాయనా. బాగా నడువు, చేస్తాం" అన్నాది మా అత్త.

వంటింట్లోకి పోయి అడిగినాను. "అత్తా, నేనీడనే ఉండాను గదా."

ఆమె చెయ్యి కడుక్కుంటా నా పక్క తిరగలేదు. "వాని మనసు కష్టపడతాదని అట్లన్నా. అంత మాటకే ఏమైతాది."

"నేను పెండ్లామని చెప్తే ఆయన మనసు కష్టపడతాదా?"

"నిన్ను చూస్తేనే వణుకుతాడే వాడు. నేనేం జేసేది" అన్నాది. గొంతులో కోపం లేదు. నిజమే చెప్తాంది. కోపం ఉండింటే నేను కూడా నాలుగు మాటలు అనేదాన్ని.

తరవాత నేనే చెప్పి చూసినాను. పెండ్లి ఫోటో చూపించినాను. దాన్ని దగ్గరికి పెట్టుకోని చూసినాడు. ఫోటోలో ఉన్నది తనేనని ఒప్పుకున్నాడు. పక్కనున్న పిల్ల బాగుందన్నాడు. ఆ పిల్ల యాడుందని నన్నే అడిగినాడు.

ఇప్పుడు అంగడి మళ్లా తెరిచినాం. ఆయన ముందర కూర్చోని దూదిలో గింజలు, చెత్త ఏరి పెడతాడు. ఆ పని చేతులకు గుర్తుండాది. వచ్చినోళ్లతో రెండు మాటలు మాట్లాడతాడు. నేను లోపల కుడతాను. పగలు ఒకసారి, సాయంకాలం ఒకసారి పోయి ఆ కుడి చెయ్యి చాపుతాను. ఇప్పుడు తోయడు. కండ్లు మూసుకోని, అయిపోయేదాకా పండ్లు బిగపట్టుకోని ఉంటాడు. అయిపోయినాక లేచి వాళ్లమ్మ పక్కకు పోతాడు.

పోయిన నెలలో మేడమ్ నన్ను కళ్యాణదుర్గానికి తీసకపోయింది. ఆడ ఒక ఇంట్లో కాలేజీకి పోయే పిల్ల షేరాటోలో నుంచి పడి, మా ఇంటాయన మొదట్లో ఉన్నట్లే ఉండాది. కండ్లు తెరిచే ఉండాయి. వాళ్లమ్మ చిక్కిపోయి ఉండాది. ఎట్లా చెయ్యాల్నో నా చేత చూపిస్తే వాళ్లకు ధైర్యంగా ఉంటాదని మేడమ్ ఆలోచన. చూపించినాను. ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి, చెప్పి, పిడికిలి విప్పినాను. బొటనవేలు మొదట తీస్తే మిగిలినవి సులభంగా వస్తాయని చెప్పినాను. ఆ తల్లి నా చేతుల పక్కనే చూస్తాండాది.

"నేను నేర్చుకుంటానక్కా. అంతా నేనే చేసుకుంటాను. ఇంకొకరి చేతికి ఇయ్యను నా బిడ్డను" అన్నాది.

"నువ్వు చెయ్యొద్దు" అన్నాను. "మీ ఇంట్లో ఇంకెవరన్నా ఉంటే వాళ్లకు నేర్పించు. నువ్వు తల కాడ కూర్చో. తల నిమురు. అంతకంటే ఏం చెయ్యొద్దు."

ఆమెకు నా మాట అర్థం కాలేదు. మేడమ్ మొగం ఎర్రబడింది. తిరిగి వచ్చేటప్పుడు స్కూటీ మీద, ఎదురుగాలిలో, మెడ తిప్పి గట్టిగా అడిగింది. "అట్లెందుకు చెప్పినావక్కా? బాగా చేసేది సొంత మనుషులే గదా. ఆమె చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు?"

"ఎవరూ చెయ్యరు" అన్నాను. "నాకు తెలుసు. అయినా చెప్పాల్నని చెప్పినా."

ఆ తల్లి నా మాట వినలేదు. అంతా తానే చేస్తాందంట. చేత్తో పట్టి ఒక్కొక్క వేలూ బాగా విప్పుతాందని, పిల్ల మొగంలో అప్పుడప్పుడు కదలిక కనబడతాందని మొన్న శుక్రవారం మేడమ్ చెప్పింది.